మామిడి తోట కౌలుకి ఇస్తున్నారా? తీసుకుంటున్నారా? పూత రాకముందే ఈ మాటలు కాగితం మీద పెట్టుకోండి

జి. కొండూరు: ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అన్నీ మాట్లాడుకుంటాం. అడ్వాన్స్ ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు రంగులు ఎవరు వేయించాలి.. ఏదీ వదలం. అదే ఐదెకరాల మామిడి తోట కౌలుకిచ్చేటప్పుడు? "ఇంతకి ఖాయం" అనుకుని, కొంత అడ్వాన్స్ చేతిలో పెట్టి లేచిపోతాం. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఏప్రిల్‌లో ఈదురుగాలికి కాయ రాలిన రోజు అసలు గొడవ మొదలవుతుంది.

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న జి. కొండూరు మండలం, అటు నూజివీడు, ఆగిరిపల్లి దాకా ఉన్నదంతా మామిడి నేల. బంగినపల్లి, కలెక్టర్ (తోతాపురి), చిన్నరసం, పెద్దరసం.. ఇక్కడి కాయ నున్న మార్కెట్ మీదుగా ఉత్తరాది రాష్ట్రాల దాకా వెళ్తుంది. ఇందులో చాలా తోటల ఓనర్లు ఊళ్లో ఉండరు. విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. తోట చూసేది కౌలుదారే. అందుకే ఈ ఇద్దరి మధ్య సంబంధం సరిగ్గా ఉంటేనే తోట బాగుంటుంది. మరి అది చెడకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఇప్పుడు చూద్దాం.

గొడవకి అసలు మూలం ఇదీ

వరి పొలం కౌలుకిస్తే పంట కోసేశాక అక్కడ మిగిలేది నేల ఒక్కటే. మామిడి తోట అలా కాదు. కౌలుదారు చేతికి వెళ్లేది ముప్పై, నలభై ఏళ్లు కాయాల్సిన చెట్టు. కానీ అతని గడువు ఒకటి రెండేళ్లే.

సింపుల్‌గా చెప్పాలంటే ఓనరు చెట్టు గురించి ఆలోచిస్తాడు, కౌలుదారు కాయ గురించి ఆలోచిస్తాడు. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. ఏడాది గడువున్నవాడు పదేళ్ల తర్వాత సంగతి కోసం ఎందుకు ఖర్చు పెడతాడు? ఈ తేడాని ముందే ఒప్పుకుని, దానికి తగ్గట్టు షరతులు రాసుకుంటే సగం గొడవలు అసలు పుట్టవు.

ఇంకో విషయం. మామిడికి ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది కాపు తగ్గే గుణం ఉంది. కలెక్టర్ లాంటి రకాల్లో ఇది తక్కువ, బంగినపల్లిలో ఎక్కువ. బాగా కాసిన ఏడాది చూసి, అదే లెక్కన పై ఏడాదికి కౌలు పెంచితే కౌలుదారు మునుగుతాడు. మునుగుతున్నానని తెలిసినవాడు చెట్టుని పిండుకోవడానికే చూస్తాడు. రెండేళ్లకి కలిపి ఒకే మొత్తం మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిదని అనేది ఇందుకే. మంచి ఏడాది, చెడ్డ ఏడాది రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

మీది కాయ అమ్మకమా? కౌలా?

ఊళ్లో అన్నిటినీ "తోట ఇచ్చాం" అనే అంటాం. కానీ ఇందులో మూడు రకాలున్నాయి.

1. కాయ అమ్మకం: పిందె చూశాక, లేదా కాయ ముదిరాక చెట్టు మీద ఉన్న కాపుని వ్యాపారికి అమ్మేయడం. సాగు ఖర్చులు అప్పటిదాకా ఓనరువే. వ్యాపారి కోసుకుని వెళ్లిపోతాడు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చెట్టు మీదున్న పండు చరాస్తి. అంటే ఇది భూమి మీద హక్కు ఇచ్చే వ్యవహారం కాదు, సరుకు అమ్మకం.

2. ఏడాది లోపు కౌలు: కోత అయ్యాక తోట అప్పగిస్తారు. దున్నకం, ఎరువు, మందులు, కాపలా.. అన్నీ కౌలుదారువే. పై కోత అయ్యాక తోట తిరిగి అప్పగిస్తాడు.

3. రెండు, మూడేళ్ల కౌలు: గడువు ఏడాది దాటితే ఆ కౌలు పత్రాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలని అదే 1908 చట్టం చెబుతోంది. మూడేళ్ల కౌలుని తెల్ల కాగితం మీద రాసుకుని సంతకాలు పెడితే, రేపు కోర్టులో అది నిలబడటం కష్టం.

మీది ఏ రకమో ముందు తేల్చుకోండి. కాయ మాత్రమే కొన్న వ్యాపారి "చెట్లకి మందు నేనెందుకు కొట్టాలి" అంటే అందులో న్యాయం ఉంది. అదే మాట ఏడాది కౌలుదారు అంటే కుదరదు.

ఏ నెలలో ఏ గొడవ?

తోట క్యాలెండర్ చూస్తే తగాదా ఎప్పుడొస్తుందో ముందే చెప్పేయొచ్చు.

* జూన్, జులై: కోత అయిపోయింది. ఎండుకొమ్మలు తీసేయాలి, దున్నాలి, ఎరువు వేయాలి. పాత కౌలుదారు వెళ్లిపోయాడు, కొత్తవాడు ఇంకా రాలేదు. ఈ పని ఎవరిది? చాలా తోటల్లో ఎవరూ చేయరు. పై ఏడాది కాపు ఇక్కడే దెబ్బతింటుంది.

* ఆగస్టు, సెప్టెంబర్: పూత బాగా రావాలని పాదుల్లో ప్యాక్లోబ్యూట్రజోల్ పోస్తారు. రైతులు కల్టార్ అంటారు. ఇది కొత్త చిగురుని అదుపు చేసి చెట్టుని పూత వైపు తిప్పుతుంది. మోతాదులో వాడితే ఫర్వాలేదు. కానీ ఇది నేలలో చాలాకాలం ఉండిపోతుంది. ఏటా ఎక్కువ మోతాదులో పోస్తూ పోతే చిగుళ్లు కురచబడి చెట్టు నీరసిస్తుంది. కాయ కౌలుదారు తీసుకెళ్తాడు, నీరసించిన చెట్టు ఓనరుకి మిగులుతుంది. ఓనర్లకి ఉన్న పెద్ద కంప్లయింట్ ఇదే.

* డిసెంబర్ నుంచి ఫిబ్రవరి: పూత, పిందె. తేనెమంచు పురుగు, తామర పురుగు వచ్చేది ఇప్పుడే. మందుల ఖర్చు పెరిగిపోతుంది. "ఇంత అవుతుందనుకోలేదు, కౌలు కొంచెం తగ్గించండి" అనే మాట మొదలవుతుంది.

* ఏప్రిల్, మే: ఈదురుగాలులు, వడగళ్లు. కాయ రాలుతుంది. రెండో వాయిదా, మూడో వాయిదా ఆగిపోతాయి.

* మే, జూన్: రేటు పడిపోవడం. "కోత కూలి కూడా రావట్లేదు" అని కౌలుదారు, "రేటుతో నాకేం పని, మాట్లాడుకున్నది ఇవ్వు" అని ఓనరు.

ఓనర్లు కాగితం అంటే ఎందుకు భయపడతారు?

"కాగితం రాసిస్తే పొలం పోతుంది." ఊళ్లల్లో ఇప్పటికీ వినిపించే మాట ఇది. ఇదేమీ ఊరికే పుట్టిన భయం కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారులకి గట్టి రక్షణలు ఇచ్చింది. 1974లో చేసిన సవరణతో కౌలు గడువు ఆరేళ్లకి తగ్గకూడదనే నిబంధన వచ్చింది. కౌలుదారుని కాపాడాలని తెచ్చిన నిబంధన అది. కానీ జరిగింది వేరు. ఓనర్లు అసలు రాసివ్వడమే మానేశారు. కౌలు నోటి మాటల్లోకి వెళ్లిపోయింది. చట్టం ఎవరి కోసం వచ్చిందో వాళ్ల పేరే రికార్డుల్లో లేకుండా పోయింది.

ఆ తర్వాత 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఇప్పుడు ఇస్తున్న సీసీఆర్‌సీ కార్డులు ఈ చట్టం కిందవే. ఇందులో ఓనర్లు గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే మూడు ముక్కలు.

* కార్డు గడువు 11 నెలలు. ఆ తర్వాత దానంతట అదే అయిపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ ఒప్పందం రాసుకోవాలి.
* కార్డు పంట మీదే హక్కు ఇస్తుంది, భూమి మీద కాదు. పట్టా, పాస్‌బుక్, అమ్ముకునే హక్కు అన్నీ ఓనరువే.
* ఒప్పంద పత్రం మీద ఓనరు సంతకం ఉండాలి. మీకు తెలియకుండా ఇచ్చే కార్డు కాదిది.

కౌలుదారుకి ఏం పోతుంది?

ఇక రెండో వైపు చూద్దాం. 2018-19లో జరిగిన జాతీయ శాంపిల్ సర్వేలో ఆంధ్రప్రదేశ్ సాగు కమతాల్లో 40 శాతానికి పైగా కౌలు కమతాలేనని తేలింది. అంటే ఇది ఏ ఒక్క ఊరి సమస్యో కాదు. ఇంతమంది సాగు చేస్తున్నా, పేరు లేనివాడికి బ్యాంకు పంట రుణం ఇవ్వదు. పంట పోతే పరిహారం ఈ-పంటలో ఎవరి పేరుంటే వాళ్ల ఖాతాలో పడుతుంది.

ఇది ఎంత ముఖ్యమో జి. కొండూరు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు డైవర్షన్ ఛానల్‌కి గండ్లు పడింది ఈ మండలంలోనే. విజయవాడ మునిగిందని దేశమంతా చూసింది. ఇక్కడ పొలాలు కూడా నీళ్లలో ఉన్నాయి. అలాంటి రోజున అధికారి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఈ సర్వే నంబరులో సాగుదారు ఎవరు?" జవాబు రిజిస్టర్‌లో ఉండాలి. "సార్, అందరికీ తెలుసు నేనే చేస్తున్నానని" అంటే అప్పుడు పనికిరాదు.

మామిడికే వద్దాం. 2025లో చిత్తూరు జిల్లాలో తోతాపురి రేటు పడిపోయినప్పుడు కిలోకి రూ.12 దక్కేలా ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. అందులో రూ.8 గుజ్జు ఫ్యాక్టరీలు, రూ.4 ప్రభుత్వం. ఇలాంటి సాయం రేపు మన దగ్గరా రావచ్చు. వస్తే ఆ నాలుగు రూపాయలు ఓనరువా, కౌలుదారువా? రేటు పడి నష్టపోయింది కౌలుదారు. రికార్డులో పేరు ఓనరుది. ముందే రాసుకోకపోతే ఇది కొత్త గొడవ.

కాబట్టి కౌలుదారులు రెండు పనులు మర్చిపోవద్దు. ఒకటి, ఊరి రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు మీ పేరుతో జరిగిందో లేదో మీరే వెళ్లి చూసుకోండి. రెండు, తోట కౌలు మీద ఏయే పథకాలు వర్తిస్తాయో ఉద్యాన సహాయకుణ్ని అడగండి. నిబంధనలు మారుతుంటాయి, పోయినేడాది మాట ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు. సొంత భూమి చూపించలేనివాళ్లు నలుగురు నుంచి పది మంది కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా ఏర్పడి బ్యాంకుకి వెళ్లే దారి కూడా ఉంది.

కాగితం మీద ఏమేం ఉండాలి?

లాయర్ భాష అక్కర్లేదు. మామూలు తెలుగులో, ఇద్దరికీ అర్థమయ్యేలా రాసుకుంటే చాలు. ఈ పది పాయింట్లు మాత్రం వదలొద్దు.

1. సర్వే నంబరు, ఎకరాలు, చెట్ల లెక్క. ఏ రకం ఎన్ని చెట్లో విడివిడిగా.
2. మొదలయ్యే తేదీ, తోట తిరిగి అప్పగించే తేదీ. "కోత అయ్యాక" అని రాయొద్దు, తేదీ వేయండి.
3. కౌలు మొత్తం, వాయిదాలు, ఏ వాయిదా ఏ తేదీకి.
4. కోత తర్వాత దున్నకం, ఎండుకొమ్మల తీత ఎవరిది. పాతవాడా, కొత్తవాడా, ఓనరా?
5. కల్టార్ వాడొచ్చా? వాడితే ఎంత మోతాదు? ఉద్యాన అధికారి చెప్పిన మోతాదు దాటకూడదని రాసుకోవడం మంచిది.
6. బోరు, మోటారు కాలిపోతే రిపేరు ఎవరిది. మామూలు రిపేరు కౌలుదారు, కొత్త మోటారు ఓనరు అని చాలామంది పెట్టుకుంటారు.
7. పడిపోయిన, ఎండిపోయిన చెట్టు కలప ఎవరిది. ఓనరు చూడకుండా చెట్టు మీద గొడ్డలి పడకూడదు.
8. చెట్ల మధ్య అంతర పంట వేసుకోవచ్చా, పశువులు మేపొచ్చా.
9. గాలివాన, రేటు పడిపోవడం, ప్రభుత్వ సాయం.. ఈ మూడింటిలో ఎవరి వాటా ఎంత.
10. మధ్యలో తోట అమ్మేస్తే ఏం చేయాలి.

ఆఖరి పాయింట్‌ని తేలిగ్గా తీసుకోకండి. హైవే పక్కన, విజయవాడకి ఇంత దగ్గరలో ఉన్న తోట ఎప్పుడు చేతులు మారుతుందో చెప్పలేం. "అమ్మినా, ఈ కాపు కోసుకునేదాకా కౌలుదారుకి హక్కు ఉంటుంది. లేదా పెట్టిన ఖర్చు లెక్కగట్టి ఇచ్చేస్తాం" అనే ఒక్క వాక్యం ఉంటే కౌలుదారు నిద్రపోగలుగుతాడు.

గాలివాన షరతు ఎలా రాయాలి?

"నష్టం వస్తే చూసుకుందాంలే" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, ఎవరు చూడాలి, ఎంత చూడాలి? అంకెల్లో రాసుకుంటేనే పని జరుగుతుంది.

ఉదాహరణకి ఐదెకరాల తోట, కౌలు రూ.3 లక్షలు అనుకుందాం. ఇది లెక్క కోసం చెప్తున్నదే, మార్కెట్ రేటు కాదు. మూడు వాయిదాలు. ఒప్పందం రోజు లక్ష, పిందె నిలిచాక ఫిబ్రవరి ఆఖరికి లక్ష, మే నెలలో లక్ష.

* రాలింది కాపులో పావు వంతు లోపైతే: కౌలుదారుదే నష్టం.
* పావు నుంచి సగం దాకా అయితే: ఆఖరి వాయిదాలో సగం, అంటే రూ.50 వేలు మాఫీ.
* సగానికి మించితే: ఆఖరి లక్ష మొత్తం మాఫీ.

రాలిన కాయ కౌలుదారుదే, అది అతను పచ్చళ్లకో, పొడికో అమ్ముకుంటాడు. నష్టం ఎంతో తేల్చేది ఎవరు? ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు, ఇద్దరికీ నచ్చిన మూడో మనిషి ఒకరు. గాలి వచ్చిన రెండు రోజుల్లో తోటకి వెళ్లి, తలా కొన్ని చెట్లు కాకుండా, అన్ని మూలల నుంచి ఒక ఇరవై చెట్లు చూసి లెక్క కట్టాలి. వారం ఆగితే రాలిన కాయ ఉండదు, మాటలే ఉంటాయి.

ఈ పద్ధతిలో ఎంత పెద్ద గాలి వచ్చినా ఓనరుకి రూ.2 లక్షలు దక్కుతాయి. కౌలుదారు నష్టానికీ ఒక హద్దు ఉంటుంది. ఇద్దరూ కొంచెం కొంచెం మోస్తారు. మోయలేని బరువు ఒక్కడి నెత్తిన పడినప్పుడే అప్పు వాళ్లు, పంచాయితీలు, పారిపోవడాలు.

రోజువారీ సంబంధం ఎలా ఉండాలి?

కాగితం ఒక్కటే సరిపోదు. మనుషులు మాట్లాడుకుంటూ ఉండాలి.

ఓనర్లకి: నెలకోసారైనా తోటకి వెళ్లండి. కుదరకపోతే వాట్సాప్‌లో వీడియో పంపమనండి. తప్పులు పట్టడానికి మాత్రమే ఫోన్ చేసే ఓనరు ఫోన్ ఎవరూ ఎత్తరు. "ఏం బాబాయ్, పూత ఎలా ఉంది, మందు దొరికిందా" అని అడిగే ఓనరుకి తోటలో పురుగు కనిపించిన రోజే కబురు వస్తుంది. ఇంకోటి, ఊరికెళ్లినప్పుడు బుట్ట కాయలు కోసుకునే అలవాటుంటే అది కూడా ముందే చెప్పేయండి. "ఓనరు గారికి నాలుగు బుట్టలు" అని రాసుకుంటే మొహమాటాలు ఉండవు.

కౌలుదారులకి: ఏ మందు, ఏ రోజు, ఎంత కొట్టారో ఒక నోటుబుక్కులో రాయండి. బిల్లులు దాచండి. కౌలు డబ్బు ఫోన్‌పే లాంటి వాటిలో వేస్తే తేదీతో సహా రుజువు ఉంటుంది. చేతికిస్తే రసీదు తీసుకోండి. వాయిదా ఆలస్యమవుతుందని తెలిస్తే వారం ముందే, "అన్నా, కమీషన్ ఏజెంట్ దగ్గర డబ్బు ఆగింది, ఫలానా తేదీకి వేస్తా" అని మీరే చెప్పండి. ఫోన్ స్విచాఫ్ చేస్తే నమ్మకం కూడా స్విచాఫ్ అవుతుంది.

ఇద్దరికీ: మొదటి రోజు, ఆఖరి రోజు తోటంతా తిరిగి వీడియో తీయండి. చెట్లు, బోరు, కంచె అన్నీ. ఐదు నిమిషాల పని. అప్పగించేటప్పుడు "నేను తీసుకున్నప్పుడే ఇలా ఉంది" అనే మాటకి ఆ వీడియోనే జవాబు.

అయినా గొడవ వస్తే?

ముందు ఒప్పందం మీద సాక్షి సంతకం పెట్టినవాళ్లని కూర్చోబెట్టండి. సాక్షులుగా బంధువుల్ని కాకుండా ఇద్దరికీ సమాన దూరంలో ఉన్నవాళ్లని పెట్టుకోమనేది ఇందుకే. అక్కడ తేలకపోతే న్యాయ సేవల కమిటీని కలవండి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ రాజీకి వస్తే ఆ తీర్పుకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు. న్యాయ సహాయం కోసం జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100.

ఒకటి మాత్రం చేయకండి. కాయ మీద ఉన్న తోటకి తాళం వేయడం, రాత్రికి రాత్రి కోసేయడం. మామిడి కాయ మన తగాదా తేలేదాకా చెట్టు మీద ఆగదు. వారం లేటైతే ఇద్దరికీ పోతుంది.

ఈ కాగితం రాయడానికి సరైన టైమ్ ఎప్పుడంటే, కోత అయిపోయి కొత్త కౌలు మాట్లాడుకునే జూన్, జులై. అప్పుడు చెట్టు మీద కాయ ఉండదు, ఇద్దరి మధ్య కోపం ఉండదు. మహా అయితే ఒక గంట పని. ఇప్పటికే నోటి మాట మీద తోట ఇచ్చేసి ఉంటే? పూత ఇంకా రాలేదంటే టైమ్ మించిపోలేదు. ఈ పది పాయింట్లు ఫోన్‌లో సేవ్ చేసుకుని, అవతలి మనిషికి కూడా పంపండి. కలిసి కూర్చోవడానికి అంతకన్నా మంచి సాకు ఉండదు.